పిల్లను బాగుచేయమని వెళ్లాం: ఏడాదిన్నర ఫ్యామిలీ థెరపీ తర్వాత

నిజానికి మేం ఫ్యామిలీ థెరపీ కోసం, అంటే ఇంట్లో అందరినీ కలిపి కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్ కోసం వెళ్లలేదు, మా అమ్మాయి కోసం వెళ్లాం. 16 ఏళ్ల పిల్ల. మాట్లాడితే నాతో గొడవ, లేదంటే గది తలుపు ధడేల్‌మని వేసుకోవడం. ఎవరైనా కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు చెబితే దారిలో పడుతుందనుకున్నాం. ఇప్పటికి 26 సెషన్లు అయ్యాయి. అందులో పిల్ల గురించి మాట్లాడుకున్నవి సగం కూడా ఉండవు.

మొదట వెళ్లిన థెరపిస్టు నాకు బాగా నచ్చింది. నేను చెప్పిందంతా ఓపిగ్గా వినేది, తల ఊపేది, మధ్యలో ఫోన్ చేసినా మాట్లాడేది. నాలుగో సెషన్‌లో మా అమ్మాయి, "ఆంటీ, మా అమ్మ మీకు మంగళవారం ఫోన్ చేసింది కదా, అప్పుడేం చెప్పిందో నాక్కూడా చెప్పండి" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత పిల్ల రానంది. అప్పట్లో దాన్ని మొండితనం అనుకున్నాను గానీ, తప్పు పిల్లది కాదు. అందరినీ కలిపి చూసే మనిషి ఒకరి రహస్యాలు మోయడం మొదలుపెడితే మిగతావాళ్లకు అక్కడ చోటుండదు. నాకు నచ్చడమే ఆవిడ మాకు పనికిరారనడానికి గుర్తని తెలిసేసరికి మూడు నెలలు పోయాయి.

రెండోసారి వెతికేటప్పుడు ముందే ప్రశ్నలు రాసుకున్నాను. లైసెన్సు, చదువు సరే. కుటుంబాలతో పనిచేయడంలో విడిగా శిక్షణ తీసుకున్నారా అన్నది అసలు ప్రశ్న. మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్ వేరు, నలుగురు ఒకేసారి మాట్లాడే గదిని పట్టి నడిపించడం వేరు. ఒకరు విడిగా చెప్పిన విషయాన్ని ఏం చేస్తారని కూడా అడిగాను. "నాకు చెప్పింది గదిలోకి తేవాల్సి వస్తే తెస్తాను. ఆ మాట మొదటి రోజే అందరికీ చెప్తాను" అన్నారు ఒకాయన. ఆయన దగ్గరికే వెళ్లాం. మరొకరు ఫోన్‌లోనే, "అమ్మాయిని పంపండి, నేను చూసుకుంటా" అన్నారు. అక్కడ ఆగిపోయాను.

ఈ కొత్త థెరపిస్టు మొదటి రెండు సెషన్లలో సలహా అన్నది ఇవ్వలేదు. పెద్ద కాగితం పరిచి మూడు తరాల మా కుటుంబం గీయించారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, పడనివాళ్ల మధ్య వంకర టింకర గీత. దాన్ని జీనోగ్రామ్ అంటారట. గీస్తుంటే తెలిసింది, మా అమ్మకూ నాకూ మధ్య ఉన్న వంకర గీతే నాకూ మా అమ్మాయికీ మధ్య ఉంది. మా ఆయన వైపు గొడవ గీత ఒక్కటీ లేదు. "మా ఇంట్లో ఎప్పుడూ గొడవలు లేవు" అన్నాడు గర్వంగా. "మరి కోపం వస్తే ఏం చేసేవాళ్లు?" అని అడిగారాయన. మా ఆయన చాలాసేపు ఆలోచించి, "బయటికి వెళ్లిపోయేవాళ్లం" అన్నాడు.

నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుండేది ఐదో సెషన్. మా అబ్బాయికి 11 ఏళ్లు, అంతవరకూ సోఫా చివర కుషన్ పీకుతూ కూర్చున్నాడు. థెరపిస్టు నన్నూ అమ్మాయినీ వదిలేసి వాణ్ని అడిగారు: "అమ్మా అక్కా గొడవ పడుతుంటే నాన్న ఏం చేస్తుంటారు?" వాడు తల ఎత్తకుండానే, "ఫోన్ చూస్తుంటాడు. కానీ స్క్రీన్ ఆఫ్‌లో ఉంటుంది" అన్నాడు. మా ఆయన మొహం చూడలేకపోయాను. అన్నేళ్లూ పట్టించుకోడని తిట్టిన మనిషి, భయపడి కదల్లేక కూర్చున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

ఇలా ఇద్దరి గురించి మూడోవాళ్లను అడగడం ఈ వైద్యంలో పాత పద్ధతేనట. మా ఇంట్లో జరుగుతున్నదాన్ని అర్థం చేసుకునే ఇంకో ఆలోచన కూడా థెరపిస్టు ద్వారానే తెలిసింది. ముర్రే బోవెన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1954లో మొదలుపెట్టి, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవారిని కుటుంబంతో సహా ఆస్పత్రిలో ఉంచి గమనించారు. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే, అది తట్టుకోలేక మూడో మనిషిని మధ్యలోకి లాగుతారని, అదొక త్రికోణం అవుతుందని ఆయన చెప్పారు. మా ఇంట్లో ఆ మూడో మనిషి మా అమ్మాయి. నేనూ మా ఆయనా తేల్చుకోవాల్సిన డబ్బు గొడవా, ఆయన ఉద్యోగం గొడవా పక్కకు పోయి, రోజూ పిల్ల మార్కులూ పిల్ల నిద్రా అయ్యాయి. పిల్ల మీద అరిచినంతసేపూ మేమిద్దరం ఒక పక్షం. అంతకుమించి మాకు కలిసే చోటు లేదు.

ఒకసారి థెరపిస్టు కుర్చీలు మార్పించారు. పిల్ల ఎప్పుడూ మా ఇద్దరి మధ్యలో కూర్చునేది. దాన్ని తమ్ముడి పక్కకు పంపి, మమ్మల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, "ఇంటి లోను సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి, నేను వింటాను" అన్నారు. సాల్వడార్ మినూచిన్ అనే పేరున్న ఫ్యామిలీ థెరపిస్టు బాగా వాడిన పద్ధతట: గొడవను వర్ణించడం కాదు, అక్కడే నడిపించడం. రెండు నిమిషాల్లో నేను పిల్ల వైపు తిరిగి, "చూడు మీ నాన్న" అన్నాను. థెరపిస్టు చెయ్యి ఎత్తి ఆపారు. నాకు ఒళ్లు మండింది, ఆ వారం మళ్లీ వెళ్లకూడదనుకున్నాను.

ఇక ఇబ్బందులు. మొదటి రెండు నెలలు ఇంట్లో గొడవలు పెరిగాయి, తగ్గలేదు. అణచిపెట్టినవన్నీ బయటికొచ్చాయి. మా ఆయన వరసగా మూడు సెషన్లు ఎగ్గొట్టాడు. ఆయన రాకపోయినా నడిపిస్తారా, ఆపేస్తారా అన్నది ముందే అడగాల్సింది, అడగలేదు. రోజూ పది నిమిషాలు ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వినాలనే హోంవర్కు మూడు రోజుల్లో అటకెక్కింది. ఆన్‌లైన్ సెషన్లు రెండు చేశాం, మాకు కుదరలేదు. నలుగురం ఒక్క తెరలో ఇరుక్కుంటే ఎవరు ఎవరి వైపు చూస్తున్నారో థెరపిస్టుకు తెలియదు. ఆయన పనంతా అక్కడే ఉంది మరి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే అందరూ కలిసి కూర్చునే సెషన్‌తో మొదలుపెట్టకండి. గదిలో నోరు విప్పినదానికి ఇంటికెళ్లాక శిక్ష పడుతుంది. ముందు ఆ మనిషి క్షేమం, ఆ తర్వాతే మిగతావన్నీ. మా థెరపిస్టు మొదట్లోనే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఇంట్లో ఎవరంటేనైనా భయముందా అని అడగడం అందుకే.

ఇప్పుడు తలుపు ధడేల్‌మనడం పూర్తిగా పోలేదు. కాకపోతే పావుగంటకు తనే తీసుకుని వస్తుంది, వచ్చి నాతో కాకుండా వాళ్ల నాన్నతో గొడవ పెట్టుకుంటుంది. ఆయన ఫోన్ పక్కన పెట్టి సమాధానం చెప్తున్నాడు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకెళ్లి మధ్యలో దూరకుండా ఉండటం నాకింకా కష్టంగానే ఉంది. సెషన్లు ఇప్పుడు మూడు నెలలకు ఒకటి. వచ్చేదాన్ని మా ఆయనే బుక్ చేశాడు.