ట్యాంక్‌బండ్, ఆర్కే బీచ్: నీళ్ల పక్కన రెండు రోడ్లు

హైదరాబాద్ ట్యాంక్‌బండ్, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు. రెండూ నీళ్లను ఆనుకుని పోయే రోడ్లే. జనం అలవాట్లే వాటిని వేర్వేరు చోట్లుగా మార్చాయి.

ట్యాంక్‌బండ్ అసలు హుస్సేన్‌సాగర్ చెరువు కట్ట. 16వ శతాబ్దంలో, కుతుబ్‌షాహీల కాలంలో నీళ్ల కోసం కట్టారు. ఇప్పుడు దాన్ని కట్టగా ఎవరు చూస్తున్నారు? సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు పూలు పేర్చి తెచ్చి, చప్పట్లు కొడుతూ తిరిగితే అది ఊరందరి వాకిలి. నిమజ్జనం రోజు లారీలు, క్రేన్లు, డప్పులతో పెద్ద జాతర. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌తో అదే తెలంగాణ ఉద్యమ వేదిక. 2021లో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసినప్పుడు, రోజూ హారన్ల మధ్య నలిగే ఆ రోడ్డు మీద పిల్లలు హాయిగా పరుగెత్తారు.

బీచ్ రోడ్డుకు పండగతో పనిలేదు. తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు, నడిచేవాళ్లదే రాజ్యం. సాయంత్రం మరమరాలతో చేసే మురీ మిక్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తులు. నేవీ డే విన్యాసాలు తప్ప పెద్ద సందడి తక్కువే.

నా ఓటు బీచ్ రోడ్డుకే. రోజూ వచ్చేవాళ్లు ఆ చోటును సొంతంగా చూసుకుంటారు. ట్యాంక్‌బండ్ మీద పండగ అయిపోయాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్కలు హుస్సేన్‌సాగర్‌కు మిగులుతాయి. మట్టి విగ్రహాల అలవాటు ఇంకా బలపడాలి.