ఇన్వర్టర్ కొని ఆరేళ్లు దాటింది: మా అనుభవం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మాది ఆ పక్కనే, ఉద్దానంలో ఒక ఊరు. కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కరెంటు స్తంభాలూ అంతే. మళ్లీ ఇంట్లో బల్బు వెలిగేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఊళ్లోకి జనరేటర్ వస్తే బిందెలతో, ఫోన్లతో దాని చుట్టూ చేరేవాళ్లం. రాత్రిళ్లు అమ్మ పిల్లలిద్దరి మధ్య కూర్చుని తాటాకు విసనకర్రతో విసిరేది. కునుకు పట్టి చెయ్యి ఆగిపోయేది. పిల్లాడు కాస్త కదిలితే చాలు, కళ్లు మూసుకునే మళ్లీ విసిరేది. ఆ చెయ్యి చూశాకే ఇన్వర్టర్ కొనాలని గట్టిగా అనుకున్నాను.

తర్వాతి సంక్రాంతికి 900 వీఏ ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ (మామూలు లైన్ కరెంటు లాంటిదే ఇస్తుంది), 150 ఏహెచ్ ట్యూబులర్ రకం బ్యాటరీ తెచ్చాం. వీఏ అంటే ఇన్వర్టర్ ఎంత లోడు మోయగలదో, ఏహెచ్ అంటే బ్యాటరీలో ఎంత కరెంటు నిల్వ ఉంటుందో చెప్పే లెక్క. స్క్వేర్ వేవ్ అనే ఇంకో రకం చవకే, కానీ మా బావ వాళ్లింట్లో దాని మీద ఫ్యాన్లు గుంయ్‌మని మోగుతాయి, రాత్రి పడుకోలేం. ఆ తేడా డబ్బు పెట్టడం మంచిదే అయింది.

కొత్తలో రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు వేసుకుంటే ఆరేడు గంటలు వచ్చేది. 75 వాట్ల పాత ఫ్యాన్లు తీసేసి తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు బిగించాక ఇంకా పెరిగింది. ఇన్వర్టర్ కొనేవాళ్లు వీలైతే ఫ్యాన్లు కూడా మార్చుకోండి, పెద్ద బ్యాటరీ అవసరం ఉండదు.

తుపాను కోసం కొన్నాం గానీ అసలు సుఖం మామూలు రోజుల్లోనే. వేసవిలో గాలివాన వస్తే మాకు కరెంటు పోవడం మామూలే. టిక్‌మని చిన్న చప్పుడు, ఫ్యాన్ ఒక్క క్షణం నెమ్మదించి మళ్లీ అందుకుంటుంది. అమ్మ పొద్దున్నే లేచి "రాత్రి కరెంటు పోయిందా?" అని అడుగుతుంది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ప్రాణం హాయిగా ఉంటుంది.

బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ (లవణాలు లేని శుద్ధమైన నీళ్లు) విషయంలో బద్ధకించకండి. మూడు నెలలకోసారి, ఎండాకాలంలో ఇంకా ముందే చూడాలి. గుర్తు దాటి పోయకూడదు. ఒకసారి నేను ఎక్కువ పోస్తే యాసిడ్ పొంగి కింద సిమెంటు గచ్చు అరచేతంత మేర తిన్నది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. బోరు నీళ్లు, తాగే నీళ్లు అస్సలు పోయొద్దు. బ్యాటరీకి వైర్లు బిగించే టెర్మినళ్లకు వేజ్‌లైన్ రాస్తే తెల్లటి పొడి పట్టదు. ఇంత చూసుకున్నా ఐదున్నరేళ్లకు బ్యాటరీ మూడు గంటలే వచ్చే స్థితికి పడిపోయింది. మార్చాం. పాతది ఇస్తే కొంత తగ్గించారు.

పెద్ద తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే మాత్రం దీన్ని నమ్ముకోలేం, ఛార్జ్ చేయడానికి కరెంటే ఉండదు కదా. అలాంటప్పుడు ఫ్యాన్లు కట్టేసి ఒక బల్బు, ఫోన్లు మాత్రమే వాడుకుంటే రెండు మూడు రోజులు లాగొచ్చు. ఫ్రిజ్ దీనికి కలపలేదు. నీళ్ల మోటారు దీని మీద నడవదు. అందుకే తుపాను హెచ్చరిక వినగానే అమ్మ ఇప్పటికీ ముందు బిందెలన్నీ నింపి పెడుతుంది.