తేలినీలాపురమా, తేలుకుంచా? మా పక్షుల యాత్ర

రెండు పేర్లూ ‘తే’తోనే మొదలవుతాయి, రెండూ శ్రీకాకుళం జిల్లావే, రెండు చోట్లా కొంగలే. మా బావమరిది రెండూ ఒకటే అనుకుని ఆగస్టులో తేలినీలాపురం వెళ్లి, ఖాళీ చింతచెట్లు చూసి వచ్చాడు. అందుకే మేం జనవరిలో వెళ్లాం.

తేలినీలాపురం టెక్కలి మండలంలో ఉంది. రైల్లో అయితే నౌపడాలో దిగి ఆటో పట్టుకోవచ్చు. పక్షులు తినే చేపలు ఎక్కువగా ఆ నౌపడా చిత్తడి నేలల్లోవే. గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్కులనే కొంగలు ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి. ‘సైబీరియా పక్షులు’ అని ఊరంతా అంటారు గానీ, చలికి తట్టుకోలేక అక్కడి నుంచి వచ్చేవి ఇక్కడ గుడ్లు పెట్టవు. ఇవి పిల్లల్ని కనేది ఇక్కడే, మన దేశపు పక్షులే. ఆ మాట అక్కడ గట్టిగా అనలేదు లెండి, పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటున్నారు మరి.

మావాడు చెట్టు కిందకెళ్లి చప్పట్లు కొట్టబోతే ఒక ముసలమ్మ అరుగు మీంచే ఆపింది. “గోల సేయకు బాబూ, గూళ్లలో పిల్లలున్నాయి.” నిజమే. తల్లి బెదిరి లేచిపోతే కాకులకు గుడ్లు పండగే. గూట్లో పిల్లలు భయపడితే తిన్న చేపలు కక్కేస్తాయి, అవి మన నెత్తిన పడతాయి. రెట్ట సంగతి సరేసరి, టోపీ తప్పనిసరి. అటవీశాఖ వాచ్ టవర్ ఎక్కితే గూళ్లు కళ్ల ఎదుటే ఉంటాయి. ఒక బైనాక్యులర్ ఉంటే చాలు, డ్రోన్ మాత్రం వద్దు. వెళ్తే ఉదయం ఏడింటికల్లా ఉండాలి. ఎండెక్కాక ఫొటోలు బాగా రావు.

బస మాత్రం నిరాశే. ఊళ్లో మాకు లాడ్జి కనబడలేదు. టెక్కలిలో దిగిన గదిలో వేడినీళ్లు ‘వస్తాయి సార్’ అంటూనే తెల్లారింది. పిల్లలుంటే శ్రీకాకుళంలో దిగి, చీకటితో బయల్దేరడం మేలు.

తేలుకుంచి ఇచ్ఛాపురం దగ్గర, ఒడిశా సరిహద్దులో ఉంది. అక్కడికి వానాకాలంలో వెళ్లాలి. ఓపెన్‌బిల్ కొంగలు వానలతో వస్తాయి, పొలాల్లో నత్తల్ని ఏరుకు తింటాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తను పట్టడానికే. అవి వస్తే పంట బాగుంటుందని ఊరివాళ్ల నమ్మకం. టవర్లూ బోర్డులూ మేం వెళ్లినప్పుడు అంతగా లేవు, కానీ జనం తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. నాకదే నచ్చింది. మా ఆవిడకు తేలినీలాపురమే నచ్చింది, తిరుగు దారిలో పలాస జీడిపప్పు కొనలేదన్న బాధొక్కటీ తప్ప.