చౌడు మిద్దె ధ్యాన గది: నాలుగు ఎండాకాలాలు వాడాక

తాడిపత్రి దగ్గర గుట్ట వారగా, గరుసు నేల మీద కట్టిన పదడుగుల చదరపు గది ఇది. రాతి పునాది, మట్టి ఇటుక గోడలు, కింద నాపరాళ్లు, పైన వేప దూలాల మీద చౌడు మిద్దె, అంటే ఉప్పు తేలిన చౌడు మట్టి పోసి కట్టిన కప్పు. నాలుగేళ్లుగా ఉదయం, సాయంత్రం ధ్యానానికి వాడుతున్నాం. మార్కులు వేయమంటే మిద్దెకు నూటికి తొంభై, గోడలకు డెబ్బై. గది కొలతలకు పాస్ మార్కులు కూడా ఇవ్వలేం.

ముందు మిద్దె సంగతి. మన సీమ ఎండకు ధ్యాన గది నిలిచేదీ ఓడేదీ పైకప్పు దగ్గరే. రేకులు వేస్తే పదకొండు గంటలకల్లా లోపల కూర్చోలేం. ఈ మిద్దెకు 6×8 అంగుళాల వేప దూలాలు రెండు, వాటి మీద అడుగున్నరకొక దంతె (సన్నటి అడ్డకొయ్య), దంతెల మీద ఒకటిన్నర అంగుళాల నాప బండలు పరిచారు. బండల సందులు సున్నంతో మూసి, పలచగా కానుగాకు వేసి, నాలుగంగుళాల ఎర్రమట్టిని దిమ్మిసతో కొట్టి, ఆ పైన మూడంగుళాల చౌడు పోశారు. బండా మట్టీ కలిపితే పొడిగా ఉన్నప్పుడే చదరపు మీటరుకు 400 కిలోల దాకా వస్తుంది. అంటే గది మీద దాదాపు నాలుగు టన్నులు, తడిస్తే ఇంకా ఎక్కువ. దూలాల దగ్గర పొదుపు చేయకండి.

ఆ బరువే గదికి చల్లదనం. బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం లోపల థర్మామీటరు 33, 34 దగ్గర ఆగుతోంది. యాగంటి గుహల్లోకి మిట్టమధ్యాహ్నం అడుగుపెట్టినవాళ్లకు ఆ చల్లదనం ఎలా ఉంటుందో తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే. అయితే దానికి రోజూ ఒక పని చేయాలి: పొద్దున ఎనిమిదికల్లా కిటికీలు, గవాచి (వెలుతురు, గాలి కోసం మిద్దెలో వదిలిన కంత) మూసేయాలి, రాత్రి ఎనిమిది తర్వాత అన్నీ తెరవాలి. గాలి రావాలని పగలంతా తెరిచిపెడితే గోడలు వేడిని పీల్చి, రాత్రి ధ్యానానికి కూర్చునే వేళకు వెనక్కి ఇస్తాయి. మిద్దె నడుమ అడుగు చదరపు గవాచి చాలు. దాని చుట్టూ తొమ్మిదంగుళాల గట్టు కట్టి, తెరిచే అద్దం, దాని కింద సన్నటి జాలీ పెట్టాలి. జాలీ లేకపోతే బల్లులూ తేళ్లూ లోపలికి దిగుతాయి.

చౌడు నీళ్లను ఆపేది దానిలోని సోడియం వల్ల. తడిసిన వెంటనే బంకమట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, రంధ్రాలన్నీ పూడ్చేస్తాయి. అయితే తెల్లగా పొడిదేలిన నేలంతా ఇలాంటి చౌడు కాదు, కనిపించిన చోటల్లా తవ్వి తెచ్చుకోకూడదు. పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. గాజు గ్లాసులో వాననీళ్లు పోసి, శనగగింజంత మట్టిపెళ్లను మెల్లగా వదిలి, కదపకుండా పెట్టండి. పెళ్ల చుట్టూ పాలు కలిపినట్టు తెల్లటి పొగలా లేచి, తెల్లారేదాకా నీళ్లు మసకగానే ఉంటే మంచి చౌడు. పెళ్ల విరిగి అడుగున కూర్చుని, నీళ్లు తేటపడితే అది మిద్దెకు పనికిరాదు.

లోపాలూ చెప్పాలి. ఎండాకాలమంతా ఎండిన చౌడు బీటలిస్తుంది. తొలి వానకు అది ఉబ్బి మూసుకునేలోపు కాసేపు కారుతుంది, అదీ పిట్టగోడ మూలల్లోనే. రెండో ఏడు ఈశాన్య మూల అలాగే కారి ఒక దంతె నల్లబడింది. ఇంకొకటి, మిద్దె మీద మొలిచే గడ్డి. లేతగా ఉన్నప్పుడే పీకాలి. ముదిరి ఎండితే వేరు కుళ్లిన చోట సన్నటి గొట్టంలా దారి మిగిలిపోతుంది, నీళ్లు నేరుగా బండ మీదికి దిగుతాయి. చౌడులోని ఉప్పు ఇనుమును తినేస్తుంది కాబట్టి దూలాలకు, దంతెలకు కొయ్య మేకులే వాడాలి.

పర్యావరణం పేరు చెప్పి ఇలాంటి మిద్దె కట్టేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది: దీని వాననీళ్లు తాగడానికీ మొక్కలకూ పనికిరావు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకు ఈ కప్పు మీద 6,700 లీటర్ల దాకా పడతాయి, కానీ దిగేది మసక నీరు, ఉప్పు నీరు. రాతి దోనెలను గోడకు అడుగున్నర బయటికి చాచి, ఆ నీటిని పునాదికి దూరంగా గరుసు గుంటలోకి వదలడం తప్ప దారి లేదు. తాగునీటికి వేరే చూసుకోవాలి.

గోడలకు డెబ్బై మార్కులే ఇవ్వడానికి కారణం మట్టి కాదు, పూత. ఇటుకలు 230×190×100 మిల్లీమీటర్లవి. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టికి ఆరు శాతం సిమెంటు కలిపి మిషన్లో నొక్కి, తడి గోతాలు కప్పి 28 రోజులు నీళ్లు కొట్టారు. ఇప్పటికీ ఒక్క అంచు రాలలేదు. నల్లరేగడితో మాత్రం ఈ ఇటుకలు చేయొద్దు, ఆ నేలలో ఇంత లోతు తక్కువ పునాదీ వేయొద్దు. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుని గోడను చీలుస్తుంది. సున్నం పూతను ఏప్రిల్‌లో వేయించడమే ఇక్కడ జరిగిన తప్పు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చుకుంటూ నెమ్మదిగా రాయిలా మారాలి, అందుకు తడి కావాలి. ఏప్రిల్ ఎండకు మూడు రోజుల్లో తడారిపోయి, పడమటి గోడ మీద గోరుతో గీకితే పిండిలా రాలింది. కార్తీకంలో తిరిగి వేశాం. పదిహేను రోజులు నానిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, కరక్కాయ ఊరిన నీళ్లు, కొద్దిగా బెల్లం. పది రోజులు రెండు పూటలా నీళ్లు చిలకరించాం. అది గట్టిగా ఉంది.

ఇక కొలతలు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదేసి అడుగులు పెట్టడం చూపుకు బాగుంది, చెవికి బాగాలేదు. పదడుగుల దూరానికి గదిలో నిలబడే ధ్వని తరంగాలు 56, 112 హెర్ట్జ్ దగ్గర వస్తాయి. మగగొంతుతో ఓంకారం పలికితే స్వరం ఆ 112 దగ్గరే పడి, మూడు దిక్కులా ఒకేసారి మోగి తలలో బరువుగా తిరుగుతుంది. గోడలకు ఈతచాపలు కట్టాం. చప్పట్ల ప్రతిధ్వని తగ్గింది కానీ ఆ గుంయ్ మనే మోత తగ్గలేదు, అంత మంద్రమైన స్వరాన్ని చాప పీల్చలేదు. పనిచేసింది ఒక్కటే: ఆసనాన్ని గది నడుమ నుంచి తీసి, ఒక మూలలో కలిసే రెండు గోడలకూ రెండున్నర అడుగుల దూరంలో వేసుకోవడం. ఆ చోట 112 హెర్ట్జ్ తరంగం చాలా బలహీనంగా ఉంటుంది. కొత్తగా కట్టేవాళ్లు 10×13 అడుగులు, ఎత్తు ఎనిమిదిన్నర పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

కర్నూలు బుద్ధ పిరమిడ్ చూసి అదే ఆకారం కావాలనేవాళ్లు చాలామంది. కట్టుకోవచ్చు, కొనలో గాలి పోయే దారి ఉంచకపోతే మాత్రం వేడంతా పైనే పేరుకుని ఉంటుంది.

పడమటి కిటికీ వద్దు. ఆషాఢం గాలి కిటికీ సందుల్లో వేసే ఈలకు కళ్లు మూసుకుని కూర్చోలేం. ఇటుకలతో పూడ్చాక గానీ నిశ్శబ్దం రాలేదు. నేల నాపరాళ్లు ఎండాకాలం హాయి, పుష్యంలో జంపఖానా మడతపెట్టి వేసుకున్నా మోకాళ్లు పట్టేస్తాయి. సోలార్‌కు 40 వాట్ల పలక, 12 వోల్టుల 20 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం బ్యాటరీ, ఒక చిన్న బల్బు, ఒక డీసీ ఫ్యాను సరిపోయాయి. పలక మీది దుమ్ము వారానికోసారి తుడవాలి. చెదలకు రెండడుగుల రాతి పునాదే కాపలా. నెలకోసారి దాని చుట్టూ తిరిగి, మట్టి గొట్టం కనబడితే గీకేస్తే చాలు.

ఏటా రోహిణి కార్తెలో ఇద్దరు మనుషులు ఒక పూట మిద్దెకు కేటాయించాలి. గడ్డి వేళ్లతో సహా తీసి, బీటల్లోకి పొడి చౌడు ఊడ్చి, పైన అరంగుళం కొత్త చౌడు పరిచి, నీళ్లు చిలకరించి దిమ్మిస కొట్టాలి. పిట్టగోడ మూలల్లో ఇంకో అంగుళం ఎక్కువ పోసి వాలు చేయాలి. మృగశిర వచ్చేలోపు ఇది అయిపోవాలి. మూడు, నాలుగో ఏళ్లలో ఇలా చేశాక ఈశాన్య మూల కారలేదు.