పొద్దున్నే బండి పికప్ అందుకోవట్లేదా? త్రాటిల్ క్లీనింగ్, ప్లగ్గులు, స్కానర్... ఏది మేలు?

పెట్రోల్ కారుకు ఈ జబ్బుంటే సెల్లార్ ర్యాంప్ ఎక్కేటప్పుడే తెలిసిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ ఒక్క క్షణం తటపటాయించి, ఒక జర్క్ ఇచ్చి, అప్పుడు కదులుతుంది. మెయిన్ రోడ్డెక్కి రెండు సిగ్నళ్లు దాటాక మాత్రం ఏమీ జరగనట్టే లాగుతుంది. ఎవరికి చెప్పినా ఇవే సలహాలు: త్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే తలుపు) క్లీన్ చేయించు, ప్లగ్గులు మార్చెయ్, లేదంటే ఇంజెక్టర్ క్లీనర్ సీసా ఒకటి ట్యాంకులో పొయ్యి. నన్నడిగితే వీటన్నిటికన్నా ముందు ఇంజిన్ సెన్సర్ల అంకెలు, ఎర్రర్ కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొనుక్కోండి. మామూలు రకం వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, స్టీరింగ్ కింద ఉండే పోర్టులో గుచ్చి ఫోన్‌లో చూసుకోవడమే.

అయితే కొంత మందకొడితనం కంపెనీ వాళ్లు కావాలనే పెట్టింది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కాలని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎం పెంచి, స్పార్క్ కాస్త లేటుగా ఇస్తుంది, ఆటోమేటిక్ బండ్లలో చాలావాటికి గేర్లు కూడా ఆలస్యంగా పడతాయి. అర నిమిషమో నిమిషమో ఇలా ఉంటే దానికి రూపాయి కూడా పెట్టకండి. జర్కులు, మిస్సింగ్, సిగ్నల్ దగ్గర ఆగిపోవడం, ఇవి మాత్రం రిపేరుకొచ్చినట్టే. "చలికాలం కదా సార్, అట్లనే ఉంటది" అంటారు చూడండి, ఆ మాట ఒప్పుకోవద్దు. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున కూడా ఎక్కువగా 12, 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, ఆ మాత్రం చలికి బాగున్న ఇంజిన్ మొరాయించదు.

స్కానరే ముందు అని ఎందుకంటున్నానంటే, రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) టెంపరేచర్, ఇంటేక్ (ఇంజిన్‌లోకి వెళ్లే) గాలి టెంపరేచర్ పక్కపక్కన చూడండి, రెండూ దాదాపు ఒకటే ఉండాలి. గాలి 18 డిగ్రీలు, కూలెంట్ 50 అని వస్తే కూలెంట్ సెన్సర్ తప్పు చూపిస్తోంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు కాబట్టి మామూలు కన్నా ఎక్కువ కావాలి, కానీ ఇంజిన్ వేడిగానే ఉందనుకుని ఈసీయూ తగ్గించి ఇస్తుంది. బండి లాగకపోవడానికి అదే కారణం. ఎన్ని ప్లగ్గులు మార్చినా, ఎన్ని సీసాలు పోసినా ఇది పోదు.

తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచో, తగ్గించో ఇస్తోందో చెప్పే అంకె) చూడండి. ప్లస్ 10, మైనస్ 10 శాతం మధ్యలో ఉంటే ఫర్వాలేదు. ప్లస్ 15, 20 చూపిస్తుంటే ఎక్కడో గాలి ఎక్కువవుతోంది, లేదా పెట్రోల్ చాలట్లేదు. ఐడ్లింగ్‌లో ఎక్కువుండి 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గితే వాక్యూమ్ లీక్ (పైపుల సందుల్లోంచి అదనపు గాలి లోపలికి రావడం) అనుకోవాలి, రేజ్ చేసేకొద్దీ పెరిగితే ఫ్యూయల్ పంపు మీదో, ఫిల్టర్ మీదో, గాలి కొలిచే మ్యాఫ్ సెన్సర్ మీదో అనుమానం. పాతబడిన రబ్బరు పైపులు, గాస్కెట్లు చల్లగా ఉన్నప్పుడు గాలి లోపలికి వదిలి, వేడెక్కాక కాస్త సర్దుకుంటాయి, అందుకే కంప్లయింట్ పొద్దున పూటే వస్తుంది. (మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు కొరికిన పైపుల సంగతి వేరే చెప్పాలా, బానెట్ ఎత్తి ఓసారి టార్చ్ వేసి చూడండి.) కూలెంట్ ఎంతసేపటికీ 80 డిగ్రీలు దాటకపోతే థర్మోస్టాట్ (రేడియేటర్‌కు కూలెంట్‌ను వదిలే వాల్వు) తెరుచుకుని ఇరుక్కుపోయి ఉంటుంది, ఇంజిన్ చాలినంత వేడెక్కట్లేదని చెప్పే పీ0128 కోడ్ కూడా రావచ్చు.

ప్లగ్గులా, క్లీనింగా అంటే ప్లగ్గులకే నా ఓటు. మామూలు నికెల్ ప్లగ్గులు వేసి 40 వేల కిలోమీటర్లు దాటిందంటే ఎలాగూ మార్చాల్సినవే. ఇరిడియం అయితే చాలా ఎక్కువ నడుస్తాయి, మాన్యువల్ చూడండి. పైగా తీసిన పాత ప్లగ్గులే సగం కథ చెబుతాయి: మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, తెల్లగా మాడినట్టుంటే తక్కువ. సికింద్రాబాద్ రాణిగంజ్‌ స్పేర్ పార్ట్స్ షాపుల్లో కొనేటట్టయితే పార్ట్ నంబర్ రాసుకుని వెళ్లండి, డూప్లికేట్లు కూడా ఉంటాయి.

త్రాటిల్ క్లీనింగ్ పనికిరాదని కాదు. ఐడ్లింగ్ ఊగుతూ, కాలు పెట్టగానే మొదటి అంగుళంలోనే జర్క్ వస్తుంటే చేయించొచ్చు. కానీ ఎలక్ట్రానిక్ త్రాటిల్ ప్లేటును వేలితో బలవంతంగా నెట్టనివ్వకండి, అయ్యాక ఐడిల్ రీసెట్ అవసరమో కాదో అడగండి, అదే స్ప్రే మ్యాఫ్ సెన్సర్ మీద కొట్టనివ్వకండి. సీసా మందు అన్నిటికన్నా చివర. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది, ఇంటేక్ వాల్వుల మీద పడనే పడదు, కాబట్టి అక్కడి కార్బన్‌ను ట్యాంకులో పోసింది ఏమీ చేయలేదు.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్లే అంటారు కొందరు. ఇథనాల్ ఆవిరి కావడానికి ఎక్కువ వేడి లాక్కుంటుంది, అంతవరకు నిజమే, కానీ ఒక బండి ఇన్నాళ్లూ అదే పెట్రోల్ మీద బాగా నడిచి ఈ వారమే మొరాయిస్తే ముందు బండినే చూడాలి. దానికన్నా లోకల్‌గా ఆయిల్ మార్పించిన వాళ్లు బిల్లు చూసుకోండి, పల్చటి 5డబ్ల్యూ-30 ఆయిల్ అడిగే ఇంజిన్‌లో చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే పొద్దున బరువుగా తిరగడం సహజం.

ఇక సర్వీస్ సెంటరా, మన గల్లీ మెకానికా? సెన్సర్, ప్లగ్గులు, పైపులకు తెలిసిన మెకానిక్ చాలు, ఖర్చూ తక్కువ. వారంటీలో ఉంటే, లేదా ఫ్యూయల్ ప్రెజర్ కొలవాల్సి వస్తే, సర్వీస్ సెంటరే. ఎక్కడిచ్చినా ట్రాఫిక్‌లో నడుపుకుంటూ వెళ్లి తాళాలిస్తే అప్పటికే ఇంజిన్ వేడెక్కి ఉంటుంది, "ప్రాబ్లమ్ ఏం లేదు సార్" అని కడిగి ఇచ్చేస్తారు. సాయంత్రమే బండి వదిలేసి, పొద్దున మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని జాబ్ కార్డ్ మీద రాయించండి.