హెర్మిట్ క్రాబ్స్ కొనేటోళ్లు జర పైలం, ముఖ్యంగ ఆ రీల్స్ ఆయన దగ్గర

ముందే చెప్తున్న, కోపంల రాస్తున్న, అటు ఇటు అయితే ఏమనుకోకుండ్రి. ఆ షాపు నుంచి వచ్చి గంట కూడ కాలే, ఇంకా చేతులు వణుకుతున్నయ్. పేరు రాస్తలేను, రాస్తే రేపు ఇంటి ముందటికి వస్తడు, కాని వరంగల్, హన్మకొండ, కాజీపేటల ట్యాంకులు పెట్టుకున్నోళ్లకు చెప్పే పని లేదు, మెడకు ఇగువానా అనే పెద్ద బల్లిని ఏసుకొని చేతిల మైకు పట్టుకొని "మన ఓరుగల్లు పబ్లిక్‌కు స్పెషల్ ఆఫర్" అంటడు గదా, ఆయనే.

మార్చి ఆఖరుల మా బిడ్డ బర్త్‌డే, ఎనిమిదేండ్లు, కుక్క కావాలని ఒకటే ఏడ్పు, మాది కిరాయి ఇల్లు, ఓనర్ ఒప్పుకోడు. ఆ రీల్ తెచ్చి చూపెట్టింది. పోయినం. రెండు హెర్మిట్ క్రాబ్స్, అంటే ఖాళీ గుల్లలల్ల దూరి బతికే ఎండ్రికాయలు, ఒక్కోటి 900, పైన జాలి మూత ఉన్న డబ్బా, నీలం రాళ్లు, స్పాంజి ముక్క, ఏదో గింజల పొట్లం కలిపి ఇంకో 1,200. మొత్తం మూడు వేలు. ఒకదాని గుల్ల మీద స్పైడర్‌మ్యాన్ మొఖం పెయింట్, ఇంకోదాని మీద ఫుట్‌బాల్. గుండు, చిన్ని అని పేర్లు కూడ బండి మీదనే పెట్టేసింది పిల్ల. మా అమ్మ చూసి "ఎండ్రికాయలకు పైసలు పెట్టుడేంది కొడుకా, వానలు పడంగనే పొలం గట్ల మీద బుట్టెడు దొరుకుతయ్" అన్నది. నవ్వినం. ఇప్పుడు ఆమె ముందట తలెత్తుతలేను.

కొనేటప్పుడు నేనేం అడగలేదని కాదు, అడిగిన. ఎక్కడియి తమ్మీ అంటే "మా దగ్గర్నే బ్రీడ్ చేసినయ్ అన్నా" అన్నడు. వీటి గుడ్లు పగిలి పిల్లలయ్యేది సముద్రంల, పిల్లలు గుల్ల దొరికి ఒడ్డుకు ఎక్కేదాక వారాలకు వారాలు ఆ నీళ్లల్లనే తేలుతయ్, ట్యాంకుల పెట్టి పిల్లల్ని పెద్దగ చేసినోళ్లు ప్రపంచం మొత్తం మీద చాన తక్కువ మంది. అంటే అమ్మేటియి దాదాపు అన్నీ ఏదో ఒక సముద్రం ఒడ్డున పట్టుకొచ్చినయే. ఓరుగల్లుల సముద్రం ఎక్కడిదిరా అయ్యా, భద్రకాళి చెరువుల పట్టినవా? అప్పుడే అడగాల్సింది. నోరు రాలే, మైకు పట్టుకున్నోడికి అన్నీ తెలుసనుకున్న. నీళ్లు ఎట్ల అంటే "స్పాంజి తడుపుండ్రి, నల్లా నీళ్లల్ల ఇంట్ల ఉప్పు చిటికెడు ఏయుండ్రి". ఎండలు ముదురుతున్నయ్ గదా అంటే "ఏసీ రూంల పెట్టుండ్రన్నా, హాయిగుంటయ్".

హాయిగనే ఉన్నయ్. ఇవి నేల మీద తిరుగుతయ్ గాని ఊపిరి తీసేది మొప్పలతోనే, మొప్పలు తడి ఆరినయంటే ఇగ ఊపిరాడదు, గాలిల తేమ 80 శాతం దగ్గర ఉండాలె. తర్వాత తేమ మీటర్ తెచ్చి ఆ జాలి డబ్బాల పెట్టి చూస్తే 31 చూపెట్టింది. ఏప్రిల్ల మన గాలి ఎట్లుంటదో మీకు ఎరుకే, దండెం మీద బట్టలు అరగంటల అట్టలైతయ్, దానికి తోడు ఏసీ. అంటే పన్నెండు రోజులు నేనే మెల్లమెల్లగ వాటి గొంతు పిసికిన, మూడు వేలు ఇచ్చి మరీ.

పదో రోజు పొద్దున చూస్తే నీలం రాళ్ల మీద ఒక కాలు పడి ఉన్నది. సగం అగ్గిపుల్లంత, కొసన ఎర్రగ, ఎవరో ఇరిచి పక్కన పెట్టినట్టు. "డాడీ, గుండు కాలు పారేసుకుంది" అని మా బిడ్డ నవ్వుకుంట వచ్చింది, అది కూడ ఆటే అనుకుంది. సాయంత్రానికి ఇంకో రెండు కాళ్లు. తెల్లారి గుండు గుల్లల నుంచి సగం బయటికి ఏలాడుతుంది, ముట్టుకుంటే లోపటికి పోతలేదు. స్పాంజి మీద చూస్తే ఎర్రగ పొట్టు, స్పైడర్‌మ్యాన్ రంగు ఊడుతుంది, అది గీరి తింటుందన్నట్టు ఇన్నొద్దులు. ఈయనకు ఫోన్ చేస్తే "కుబుసం ఇడుస్తుందన్నా, నార్మల్" అన్నడు. పన్నెండో రోజు వాసన కొట్టింది. నార్మల్. మధ్యల మా తాన ఒక కుక్కల డాక్టర్‌కు కూడ ఫోన్ చేసిన, ఆయన నవ్వలేదు పాపం, "నాకు వీటి గురించి తెల్వదు బాబూ" అని సాఫ్‌గ చెప్పిండు. ఆ ఒక్క మాట చెప్పనీకి ఈయనకేమైందో.

ఇగ చిన్నినన్న బతికిద్దామని పట్టుబట్టిన. అటక మీది పాత చేపల ట్యాంకు దించిన, ఇసుక నాలుగుసార్లు కడిగి ఐదు పాళ్లకు ఒక పాలు కొబ్బరి పీచు పొడి కలిపి ఆరేడు ఇంచులు పోసిన, పిడికిట్ల పట్టి ఒత్తితే గూడు కట్టినట్టు నిలవడాలె అంత తడి, పైన అద్దం మూత. సముద్రం చేపలకు వాడే ఉప్పు ఆన్‌లైన్ల తెప్పించిన, ఒక గిన్నెల ఉప్పునీళ్లు, ఒక గిన్నెల మంచినీళ్లు, రెండిట్లకు క్లోరిన్ పోయే మందు. మా చెల్లె బాపట్ల పోయినప్పుడు తెచ్చిన గుల్లలు షోకేసుల ఉంటే ఉడకబెట్టి పెట్టిన. మూడో రోజు రాత్రి రెండు గంటలకు బాత్‌రూంకు లేస్తే టక్ టక్ అని చప్పుడు, ఫోన్ లైట్ ఏసి చూస్తే చిన్ని కొత్త గుల్ల నోట్లె కాళ్లు పెట్టి కొలుస్తుంది, లోపల తడిమి బయట తడిమి, ఒక్క నిమిషం ఆగి, ఫటక్కున పాతది ఇడిచి కొత్తదాంట్లకు దూకింది. నలభై రెండేండ్ల మనిషిని, అర్ధరాత్రి నేల మీద కూసొని చప్పట్లు కొట్టిన. ఫుట్‌బాల్ గుల్ల అట్లనే పడి ఉన్నది.

వారం తిరిగేసరికి చిన్ని ఇసుకలకు దిగింది. మా బిడ్డ సెలవులకని నర్సంపేట అమ్మమ్మోళ్ల ఇంటికి పోయింది, పోయేటప్పుడు ట్యాంకుకు చీటీ అతికిచ్చి పోయింది, "చిన్ని పడుకుంది, లేపొద్దు" అని. ఎనిమిదేండ్ల పిల్లకున్న తెలివి నాకు లేకపాయె. తొమ్మిది రోజులైనా పైకి రాలే. భయమైంది. ఈయనకు మెసేజ్ పెట్టిన, ఎందుకు పెట్టిననో దేవునికే ఎరుక, ఒకసారి ముంచినోడినే మళ్ల అడిగిన సూడుండ్రి, నాలాంటోన్ని ఏమనాలె. వాయిస్ నోట్ పంపిండు, 37 సెకండ్లు. "తొమ్మిది రోజులంటే లోపట్నే చచ్చి ఉంటదన్నా, తవ్వి తీయుండ్రి, ఉప్పునీళ్లల్ల కడగుండ్రి, ప్రాణం ఉంటే లేస్తది".

చాయ్ చెంచాతోని తవ్విన. నాలుగు ఇంచుల కింద చిన్న గుహ లెక్క చేసుకుంది, గోడలు నున్నగ. దాంట్ల పక్కకు దాని పాత తోలు, కాళ్లతోని సహ అట్లనే, బోలుగ. ఆ తోలే తిని బలం తెచ్చుకుంటదట, ఇంకా సగం కూడ తినలే. చిన్ని తెల్లగ, మైనం లెక్క మెత్తగ ఉన్నది. చెంచా తగలంగనే కండ్లు కదిలిచ్చింది. బతికే ఉన్నది. బతికున్నదాన్ని తీసి ఉప్పునీళ్లల్ల కడిగిన. తెల్లారేసరికి లేదు. ట్యాంకు ఎట్ల పెట్టాలెనో నేర్చుకున్న వీడియో సగమే చూసిన, మిగిలిన సగం అప్పుడు చూసిన. దాంట్లనే ఉన్నది, దిగితే తవ్వద్దు, చిన్నదైతే నెల, పెద్దదైతే రెండు నెలలు దాటినా ఆగాలె, చచ్చిందా లేదా తెల్వాలంటే కుళ్లిన చేప వాసన వస్తుందా చూడాలె అంతే అని.

ఇవ్వాళ పదకొండుకు షాపుకు పోయిన. పైసల కోసం కాదు, ఒట్టు. "నాకు తెల్వకుండ చెప్పిన అన్నా, తప్పైంది" అంటడేమో అని పోయిన. కౌంటర్ మీద అదే జాలి డబ్బా, ఎనిమిదో తొమ్మిదో ఒకదాని మీదొకటి మూలకు ఎక్కి ఉన్నయ్, అన్నీ రంగు గుల్లలే. ఒక సారు, మేడమ్, వాళ్ల చిన్న బాబు బేరం చేస్తున్నరు. నేను సంగతి చెప్తే ఈయన నా దిక్కు చూసి ఏమన్నడంటే "తవ్వినవా? కుబుసం టైంల ఎవ్వడన్న తవ్వుతడా అన్నా? తవ్వితే చస్తది గదా, గంత కూడ తెల్వదా?"

అంటే ఆయనకు ఎరుకే. అది నాకు అక్కడ సమజైంది. తెల్వక చెప్పలే. నా ఫోన్ వదిలించుకోనీకి నోటికొచ్చింది చెప్పిండు.

ఫోన్ తీసి వాల్యూం నిండ పెట్టి వాయిస్ నోట్ ఇనిపిచ్చిన. మొత్తం ఇన్నడు, తల పక్కకు వాల్చి, పాట ఇంటున్నట్టు. అయిపోయినంక "గది నా గొంతు కాదన్నా" అన్నడు. ఆయన నంబర్ నుంచి వచ్చింది, ఆయన గొంతు, ఎనకాల ఆయన షాపుల కాకటీల్ చిలుకలు అరుసుడు కూడ ఇనపడ్తుంది, సరిగ్గ అప్పుడే మా నెత్తి మీద పంజరంల అవే పక్షులు అరుస్తున్నయ్. ఫోన్ల పక్షులు, షాపుల పక్షులు కలిసి సాక్ష్యం చెప్తున్నయ్, ఈయన మాత్రం "మా పోరడు పెట్టిండేమో" అన్నడు. ఆ పోరడు తల దించుకొని గింజలు జోకుతున్నడు, పదిహేనేండ్లుంటయేమో, గొంతు కూడ సరిగ్గ మారలే. ఆఖరికి "పోనీ ఇంకోటి తీస్కపో అన్నా, నీకని వంద తగ్గిస్త, అయినా ఇయి ఆరు నెలల కంటె ఎక్కువ బతకయ్" అన్నడు. సరిగ్గ చూసుకుంటే పదేండ్లు దాటి బతికే జీవి అది. నేను నోరు తెరిచేలోపు ఆ మేడమ్ దిక్కు తిరిగి నవ్వుకుంట అన్నడు, "అన్నకు పెంచుడు రాదు మేడమ్".

ఆ మాటకే నేను బయటికి వచ్చేసిన. కొట్లాడాల్సింది. కాని నిజమే గదా, రాదు. రానోనికి అమ్మింది నువ్వే గదరా అని బండి మీద సగం దూరం పోయినంక యాదికొచ్చింది.

ఇంతే. జాలి డబ్బా, పెయింట్ గుల్ల, స్పాంజి ఇచ్చేటోని దగ్గర కొనకుండ్రి, అసలు సముద్రం ఒడ్డున ఉండాల్సిందాన్నే కొనకుంటే ఇంకా మంచిది. ఏం చెప్పినా వాయిస్ నోట్ పెట్టమనుండ్రి, పనికొస్తదని కాదు, ఊరికెనే.

ఇవ్వాళ ఆ షాపుల ఐరన్‌మ్యాన్ గుల్లది కొన్న సారు, మేడమ్, ఎవరన్న మీకు ఇది పంపిస్తే చూడుండ్రి. నేను బండి స్టార్ట్ చేస్తుంటే బాబు డబ్బా పట్టుకొని ఎక్కుడు చూసిన, అప్పుడన్న ఆపి చెప్పాల్సింది, మొఖం చెల్లలే. ఇప్పటికిప్పుడైతే ఆ జాలి మూతకు వంటింటి ప్లాస్టిక్ కవర్ చుట్టుండ్రి, ఒక మూల కొంచెం గాలికి వదులుండ్రి, ఏసీ రూంల నుంచి తీయుండ్రి. ట్యాంకు, ఇసుక, ఉప్పు ప్యాకెట్, తేమ మీటర్, మూడు మంచి గుల్లలు నా దగ్గర ఉన్నయ్, అన్నీ ఊరికెనే ఇస్త, మెసేజ్ పెడ్తే నేనే తెచ్చి ఇస్త. ఆదివారంలోపు అయితే మంచిది, మా బిడ్డ ఆదివారం వస్తుంది, రోజు రాత్రి ఫోన్ల అడుగుతుంది చిన్ని లేచిందా డాడీ అని, ఇంకా చెప్పలే.