రాణిగంజ్‌లో కలిపే కార్ల రంగు బ్రిటిష్ స్టీమ్ ఇంజన్‌కు పనికొస్తుందా?

కార్లకూ స్కూటర్లకూ రంగు కలిపిచ్చే సికింద్రాబాద్ రాణిగంజ్ కౌంటర్లలో, చూపించిన ముక్కను మిషన్‌తో కొలిచి అదే రంగు డబ్బాలో పోసిస్తారు. ఓఓ సైజు బొమ్మ రైలింజన్లకు, అంటే అసలు అడుగుకు 4 మి.మీ. లెక్కన చేసే మోడళ్లకు, రంగులేసే హైదరాబాదీలకు ఈ సేవతో పని పడుతుంది. బ్రిటన్‌లో పేరున్న మోడల్ రంగుల్లో చాలావరకు ఎనామిళ్లే. మండే సరుకు కాబట్టి విమానం పార్సిల్‌లో మామూలుగా రావు. అలాంటి ఒక కౌంటర్‌కు పాత బ్రిటిష్ రైల్వే కంపెనీల మూడు రంగుల పరీక్ష పెడితే జీడబ్ల్యూఆర్ (గ్రేట్ వెస్టర్న్) పచ్చ, ఎల్‌ఎన్‌ఈఆర్ యాపిల్ గ్రీన్ బాగానే కుదిరాయి. ఎల్‌ఎంఎస్ ఎరుపు, అంటే క్రిమ్సన్ లేక్ మాత్రం ఫెయిల్. ఆ తప్పు కౌంటర్ అబ్బాయిది కాదు, అడిగిన తీరుది.

ముందు పచ్చల సంగతి. 'బ్రన్స్‌విక్ గ్రీన్' అని నోటితో చెబితే లాభం లేదు. బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 381సీలోనే ఆ పేరుతో 225, 226, 227 నంబర్లలో మూడు రంగులున్నాయి: లేత, మధ్య, ముదురు. పైగా గ్రేట్ వెస్టర్న్ పచ్చనూ, 1950ల బ్రిటిష్ రైల్వేస్ ఎక్స్‌ప్రెస్ ఇంజన్ల పచ్చనూ జనం అదే పేరుతో పిలుస్తారు; రెండింటికీ నారింజ-నలుపు-నారింజ గీతలే కావడంతో గందరగోళం ఇంకాస్త పెరుగుతుంది. ఫోన్‌లో ఫొటో చూపించడం అంతకన్నా దండగ. రెండంగుళాల ప్లాస్టిక్ ముక్క మీద నమూనా రంగు వేసి, పైన మెరిసే (గ్లాసీ) వార్నిష్ కొట్టి తీసుకెళ్లాలి. మిషన్ కన్ను మొత్తం చదునైన రంగు మీదే కూర్చోవాలి. మోడల్ క్యాబ్ (డ్రైవర్ గది) పక్కభాగం మీద కిటికీ, రివెట్లు అడ్డొచ్చి కొలత తప్పుతుంది. నమూనా మ్యాట్‌గా ఉంటే కంటికి లేతగా కనిపిస్తుంది. దానికి సరిపెట్టిన రంగు, పైన క్లియర్ (రంగులేని వార్నిష్) పడగానే ముదిరిపోతుంది.

కలిపాక మూత మీద చుక్క ఆరబెట్టి గుమ్మంలోకి తెచ్చి చూడండి. లోపలి ట్యూబ్‌లైటు కింద అచ్చు గుద్దినట్టున్న యాపిల్ గ్రీన్, ఎండలోకి రాగానే పసుపు తిరిగి చిలకపచ్చలా కనిపించవచ్చు. నమూనాలో ఉన్న పిగ్మెంట్లు వేరు, డబ్బాలో పడ్డవి వేరు కావడమే కారణం. ఒక్క చుక్క నలుపో నీలమో వేసి సరిచేయమంటే కౌంటర్‌లో విసుక్కోలేదు, అది మెచ్చుకోవాలి. కనీసం 100 మి.లీ. కలుపుతారు. ఒక ఇంజన్‌కు, దాని వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్‌కు కలిపి అందులో పదో వంతు చాలు. అయినా వాడేదంతా ఒకే విడతలో కొనాలి. ఇంత తక్కువ పరిమాణంలో టోనర్ (రంగునిచ్చే చిక్కటి ద్రవం) ఒక చుక్క తేడా వచ్చినా రంగు మారుతుంది కనుక, ఫార్ములా చీటీ దాచుకున్నా రెండోసారి అదే పచ్చ వస్తుందన్న నమ్మకం లేదు.

ఏ రకం రంగు అన్నది రంగుకన్నా ముఖ్యం. ఏమీ చెప్పకపోతే చేతిలో పెట్టేది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్), అంటే డ్యూకో. ఇత్తడి కిట్‌కు ఎచ్ ప్రైమర్ (లోహాన్ని పట్టుకునే తొలి పూత) కొట్టాక అది బాగానే పడుతుంది. ప్లాస్టిక్ బాడీ మీద నేరుగా కొడితే మాత్రం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే: థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేసి, రివెట్ల చుట్టూ జాలీలా పగుళ్లు తెస్తుంది. హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురెథేన్) గట్టిదే కానీ, ఆ హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు చేటు. తగిన మాస్కు, గాలి బయటికి లాగే ఫ్యాను లేకుండా ఇంట్లో కొట్టకూడదు. ప్లాస్టిక్‌కు అడగాల్సింది సాలిడ్ బేస్‌కోట్, అంటే మెటాలిక్ మెరుపు లేని, పైన క్లియర్ కొట్టాల్సిన రంగు. ప్రైమర్ ఆరాక, రంగుకు సమానంగా థిన్నర్ కలిపి, 0.3 మి.మీ. నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్‌తో 15-20 పీఎస్‌ఐ దగ్గర మంచు పట్టినట్టు పలచగా మూడు నాలుగు పొరలు వేయాలి. కార్ల రంగులో పిగ్మెంట్ చాలా మెత్తగా నూరి ఉంటుంది కాబట్టి రివెట్లు పూడిపోవు.

జూలై-సెప్టెంబర్ తేమలో ఎన్‌సీ జోలికి పోవద్దు. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, దాని మీద తేమ చేరి పచ్చ కాస్తా పాలిపోతుంది. మే మధ్యాహ్నం దీనికి తలకిందులు: రంగు గాల్లోనే ఆరి, ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. పొద్దున్నే ఆరు, ఏడింటికి పని కానిచ్చేయడం మేలు.

ఇక ఎర్ర రంగు. క్రిమ్సన్ లేక్‌లోని 'లేక్' సరస్సు కాదు, మన లక్కే. లాడ్ బజార్‌లో గాజులు చేసే ఆ లక్క పేరు మీదుగానే, రంజనాన్ని పొడికి పట్టించి చేసే పారదర్శకమైన రంగులన్నిటికీ ఆ మాట స్థిరపడింది. మిడ్‌లాండ్ రైల్వే నుంచి ఎల్‌ఎంఎస్‌కు వచ్చిన ఈ ఎరుపు ఒకే పూతలో పుట్టేది కాదు. కింద ఎర్రమట్టి రంగు పునాది, దాని మీద పలచని లేక్ పొర, ఆపైన వార్నిష్. వెలుగు లోపలికి దిగి, పునాదిని తాకి తిరిగొస్తేనే ఆ దానిమ్మ గింజ లోతు కనిపిస్తుంది. మిషన్ పైకి కనిపించే రంగును మాత్రమే కొలిచి, అపారదర్శకమైన మెరూన్ కలిపిస్తుంది. కొలత సరిపోయినా ఇంజన్ మీద అది మిఠాయి డబ్బాలా ఉంటుంది.

దీనికీ ఇదే కౌంటర్‌లో దారి ఉంది. మెరూన్ అనకుండా 'కాండీ రెడ్' అడగాలి, అంటే క్లియర్‌లో పారదర్శకమైన ఎర్ర టోనర్ కలిపినది. అలవాటు కొద్దీ కింద సిల్వర్ బేస్ ఇవ్వబోతారు. ఒప్పుకోవద్దు, బైకు ట్యాంకులా మెరుస్తుంది. సిల్వర్ బదులు రెడ్ ఆక్సైడ్‌లో కాస్త ముదురు గోధుమ రంగు కలిపించుకోవాలి. దాని మీద కాండీ రెండు మూడు పలచటి పొరలు. ప్రతి పొరకూ రంగు ముదురుతుంది కాబట్టి ఇంజన్, టెండర్ ఒకేసారి పెట్టి, చెయ్యి ఎన్నిసార్లు తిప్పామో లెక్కపెడుతూ కొట్టకపోతే రెండూ వేర్వేరు కంపెనీలవిలా తయారవుతాయి.

అక్షరాలకు మాత్రం నగరంలో భరోసా లేదు. నంబర్ ప్లేట్ల స్టిక్కర్ కటింగ్ వాళ్లు ఓఓ సైజుకు పనికిరారు. 1928కి ముందు ఎల్‌ఎంఎస్ టెండర్ మీది 18 అంగుళాల అంకె ఇక్కడ 6 మి.మీ.; తర్వాత వచ్చిన 14 అంగుళాల అక్షరం 4.7 మి.మీ.; బ్రిటిష్ రైల్వేస్ 8 అంగుళాల క్యాబ్ నంబరు 2.7 మి.మీ. మాత్రమే. ఆ సైజులో బ్లేడ్ మూలలు తిరగలేదు, వినైల్ లేచిపోతుంది. 5 అంగుళాల గేజ్ (పట్టాల మధ్య దూరం) పెద్ద మోడల్ ఇంజన్ మీదైతే అదే 14 అంగుళాల అక్షరం 31 మి.మీ. పైనే ఉంటుంది, అక్కడ స్టిక్కర్‌ను మాస్క్‌గా వాడి రంగు కొట్టుకోవచ్చు. ఇంట్లో లేజర్ ప్రింటర్‌తో డెకాల్ (అతికించే అక్షరాల పొర) తీద్దామంటే దానికి తెలుపు ఇంకు లేదు. పచ్చ మీద పసుపు అక్షరం మాయమైపోతుంది. ఎల్‌ఎన్‌ఈఆర్ బంగారు అక్షరాల పక్కన పడే ఎరుపు, నలుపు నీడల మాట సరేసరి.

బ్రిటన్ నుంచి తెప్పించే షీట్లే గతి. కాగితం కనుక పార్సిల్‌కు ఇబ్బంది లేదు. హెచ్‌ఎంఆర్‌ఎస్ అనే బ్రిటిష్ రైలు మోడల్ సంఘం షీట్లలో ప్రెస్‌ఫిక్స్ రకం సుఖం: స్థానంలో పెట్టి, నొక్కి, వెనక కాగితం తడిపితే ఊడొస్తుంది. వాళ్లదే మరో రకం మెథ్‌ఫిక్స్‌కు మూడు వంతుల మెథిలేటెడ్ స్పిరిట్, ఒక వంతు నీళ్లు కావాలి, ఆక్రిలిక్ రంగు మీద ఆ స్పిరిట్ మచ్చ తెస్తుంది. నీళ్లలో నానబెట్టి జార్చే వాటర్‌స్లైడ్ అయితే బేస్‌కోట్ మీద నేరుగా పెట్టకూడదు. బేస్‌కోట్ మ్యాట్‌గా ఆరుతుంది, గరుకులో గాలి చిక్కి అక్షరం చుట్టూ వెండి మెరుపు వస్తుంది. ముందు మెరిసే క్లియర్, పూర్తిగా గట్టిపడ్డాక డెకాల్, మడతల దగ్గర డెకాల్‌ను మెత్తబరిచే మైక్రోసాల్ ద్రవం, చివర సగం మెరుపుండే సాటిన్ వార్నిష్.

1956 తర్వాతి బ్రిటిష్ రైల్వేస్ సింహం చిహ్నం కొనేటప్పుడు ఇంజన్ ఫొటో తేదీ చూసుకోండి. మొదట్లో ఒక పక్క సింహాన్ని కుడివైపు తిప్పేశారు, ఎప్పుడూ ముందుకే చూడాలని. అధికార చిహ్నాలను చూసే కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అభ్యంతరం చెప్పాక రెండు పక్కలా ఎడమవైపే చూపించారు. షీటులో రెండు రకాలూ ఉంటాయి, కుడి చూపు సింహాన్ని తర్వాతి కాలపు ఇంజన్‌కు అంటించేవాళ్లు ఎక్కువ.